శిఖరాలు ఎన్నున్నా.. మోకాళ్లు రెండే!

తిరుమల కొండను నడిచి ఎక్కినవాళ్లు మనలో ఇంటికొకరైనా ఉంటారు. మరి నడిచి దిగినవాళ్లు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లు ఎక్కడం, దర్శనం చేసుకోవడం, లడ్డూల సంచి పట్టుకుని బస్సులో కిందికి వచ్చేయడం.. ఇదీ మన అలవాటు. అందుకే కొండ అంటే మన కాళ్లకు తెలిసింది ఎక్కడమే. దిగడమంటే ఏమిటో వాటికి పెద్దగా తెలియదు.

తిరుమల వరకూ దీంతో ఇబ్బందేమీ లేదు. కానీ ఇప్పుడు మనవాళ్లు వేరే కొండల బాట కూడా పడుతున్నారు. వానలు తగ్గి ఆకాశం తేటపడితే చాలు.. శుక్రవారం రాత్రి బస్సెక్కి, శనివారం పొద్దున్నకల్లా ఏదో ఒక కొండ మొదట్లో ఉంటున్నారు. పాతికేళ్ల పిల్లలే కాదు, వాళ్ల వెంట యాభై దాటిన అమ్మానాన్నలూ బయల్దేరుతున్నారు. మంచిదే. డాక్టరుగా నేను వద్దనే మాట అననే అనను. అయితే అలా వెళ్లొచ్చినవారిలో కొందరు మా ఓపీకి వస్తుంటారు. ఆదివారం రాత్రి కాదు, సోమవారం పొద్దున కాదు.. మంగళవారం, బుధవారం! ‘కొండ మీద ఉన్నంతసేపూ హాయిగానే ఉన్నాను సార్, ఇప్పుడు కుర్చీలోంచి లేవలేకపోతున్నా’ అంటారు. ఆ రెండు రోజుల ఆలస్యం ఎందుకో అర్థమైతే కొండల నడక సగం అర్థమైనట్టే.

కొండల వీపు మీద ఒక రోజు

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన రాష్ట్రాల నుంచీ, బెంగళూరులో ఉంటున్న మనవాళ్ల నుంచీ ఎక్కువగా వెళ్లే చోటు కర్ణాటకలోని చిక్కమగళూరు. అక్కడి ముళ్లయ్యనగిరి ఎత్తు 1,930 మీటర్లు. ఆ రాష్ట్రంలో అదే ఎత్తయిన శిఖరం. అక్కడ్నుంచి బాబాబుడన్‌గిరి వైపు నెలవంకలా వంపు తిరిగిన కొండల వరుస ఉంది. చంద్రద్రోణ పర్వతమంటారు. మక్కా యాత్రకు వెళ్లిన బాబా బుడన్ అనే సూఫీ సాధువు యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి నాటింది ఈ కొండల్లోనేనని చెబుతారు. కింద ఇప్పటికీ కాఫీ తోటలే. పైకి వెళ్తే చెట్లు పోయి గడ్డి మొదలవుతుంది. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి పూలు 2022లో ఈ వాలుల మీదే విరబూశాయి.

వాహనాల్లో వచ్చేవారు శిఖరం దగ్గర్లో దిగి, చివరి మెట్లెక్కి, పైనున్న గుడి చూసి, ఫొటో దిగి వెళ్లిపోతారు. నడిచేవారి దారి వేరు. కింది నుంచి ముళ్లయ్యనగిరి ఎక్కి, అక్కడ్నుంచి కొండ వీపు పట్టుకుని ఒక్కో గుట్టా దాటుకుంటూ బాబాబుడన్‌గిరి దాకా పోతారు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగిస్తారన్నదాన్ని బట్టి 15 నుంచి 20 కిలోమీటర్లు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి చేరొచ్చు. (అటవీ శాఖ అనుమతులు, రుసుములు అప్పుడప్పుడూ మారుతుంటాయి. వెళ్లేముందు కనుక్కోండి.)

చాలామంది అడిగే మొదటి ప్రశ్న ‘అంత ఎత్తులో ఊపిరి ఆడుతుందా?’ అని. ఆడుతుంది. ఆ ఎత్తులో మనకందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 80 శాతం ఉంటుంది. ఎక్కేటప్పుడు కాస్త ఎక్కువ ఆయాసం రావొచ్చు, అంతే. హిమాలయాల్లో వచ్చే ఎత్తు జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. కాబట్టి ముళ్లయ్యనగిరి మీద తలనొప్పి వచ్చిందంటే దానికి కారణం ఎత్తు కాదు. ఎండ, దాహం, ఆకలి, రాత్రి బస్సులో పట్టని నిద్ర.. ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. మా అనుభవంలో నాలుగూ కలిసే ఉంటాయి!

ఎత్తు చూసి మోసపోవద్దు

కొండకు వెళ్లేవాళ్లు శిఖరం ఎత్తెంతో చూసుకుంటారు. వరుసగా కొండలు దాటే నడకలో చూడాల్సింది అది కాదు. మొత్తంమీద ఎంత ఎక్కామన్నది. లెక్క కోసం ఇలా అనుకోండి. మొదటి శిఖరానికి 450 మీటర్లు ఎక్కారు. తర్వాత మూడు గుట్టలున్నాయి. ఒక్కోదానికీ ముందు 150 మీటర్లు దిగి, మళ్లీ 150 మీటర్లు ఎక్కాలి. ఆఖరి గుట్ట మీద నిల్చున్నప్పుడు మీరు మొదటి శిఖరం అంత ఎత్తులోనే ఉంటారు. కానీ మీ కాళ్లు ఎక్కింది 900 మీటర్లు. అప్పటికే 450 మీటర్లు దిగాయి కూడా. కిందికి వెళ్లడం ఇంకా మిగిలే ఉంది.

టైము విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంటుంది. ‘రోజూ పార్కులో గంటకు ఐదు కిలోమీటర్లు నడుస్తాను, పదహారు కిలోమీటర్లంటే మూడు గంటలు’ అనుకుంటారు. స్కాట్లండ్‌కు చెందిన విలియం నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లోనే దీనికో లెక్క చెప్పాడు. దాన్ని ఇప్పటి కొలతల్లో చెప్పుకొంటే.. ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మన ఉదాహరణకు పదహారు కిలోమీటర్లు, 900 మీటర్లు వేసి చూస్తే దాదాపు 4 గంటల 40 నిమిషాలు వస్తుంది. ఇందులో ఆగడం, తినడం, ఫొటోలు, ఎండకు మందగించడం ఏవీ లేవు. అది కొండలకు అలవాటుపడ్డ మనిషి నడక. ఆఫీసు కుర్చీల్లో కూర్చునే మనబోటివాళ్లు ఏడెనిమిది గంటలు వేసుకోవాలి. డిసెంబరులో సాయంత్రం ఆరుకల్లా పొద్దు గూకుతుంది. అంటే పొద్దున ఏడింటికైనా నడక మొదలు కావాలి. ‘టిఫిన్ చేసి పదింటికి వెళ్దాం’ అన్నారంటే ఆఖరి దిగుడు చీకట్లోనే.

ఎక్కితే ఆయాసం.. దిగితే గాయం

ఇక అసలు విషయానికొద్దాం. ఎక్కేటప్పుడు మన తొడ ముందుభాగంలోని పెద్ద కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. ఒంటి బరువునంతా పైకి లాగాలి కాబట్టి ఆక్సిజన్ బాగా కావాలి. గుండె దడదడలాడుతుంది, ఆయాసం వస్తుంది. శరీరం ‘ఆగు’ అని పెద్ద గొంతుతో చెబుతుంది. మనం ఆగుతాం. అందుకే ఎక్కడం కష్టమే గానీ, మోసం చేయదు.

దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. అప్పుడూ అదే కండరం పనిచేస్తుంది. కానీ కుంచించుకుంటూ కాదు, సాగుతూ. ఒక్కో అడుగుకూ ఒళ్లు ముందుకు పడిపోకుండా బ్రేకు వేస్తుంటుంది. నిండా సరుకున్న లారీ ఘాట్‌లో దిగడం చూశారుగా? ఇంజను మీద ఏ భారమూ ఉండదు, బ్రేకులు మాత్రం వేడెక్కి కమురు వాసన వస్తుంది. మన తొడలదీ అదే పరిస్థితి. సాగుతూ పనిచేయడానికి ఆక్సిజన్ చాలా తక్కువ చాలు. అందుకే ఆయాసం రాదు, గుండె కొట్టుకోదు, హాయిగా కబుర్లు చెప్పుకొంటూ దిగుతాం. కానీ లోపల కండరపు పోగులు కంటికి కనిపించనంత సన్నగా చిట్లుతుంటాయి. అవి చిట్లిన క్షణాన నొప్పి పుట్టదు. మరమ్మతు మొదలై, వాపు వచ్చాకే నొప్పి తెలుస్తుంది. అందుకు ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మంగళ, బుధవారాల రహస్యం ఇదే.

నొప్పి తర్వాత వచ్చినా, బలం తగ్గడం మాత్రం అప్పటికప్పుడే మొదలవుతుంది. రెండు మూడు గుట్టలు దిగేసరికి తొడల పట్టు సడలుతుంది. మోకాలు వణుకుతుంది. అడుగు అనుకున్నచోట పడదు. ఎండుగడ్డి మీద, సన్నటి గులకరాళ్ల మీద జారేది అప్పుడే. మడమ మెలిపడేదీ, చేయి ఆనించబోయి మణికట్టు విరిగేదీ ఎక్కువగా ఆఖరి దిగుడులోనే. ఎక్కేటప్పుడు కాలు జారితే ముందున్న వాలు మీదికి ఒరుగుతాం. దిగేటప్పుడు జారితే ఎక్కడ ఆగుతామో చెప్పలేం.

ఇక్కడో మాట. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కొన్నాళ్లు విశాఖ ఏజెన్సీలోని ఒక పీహెచ్‌సీలో పనిచేశాను. వారపు సంతకు నెత్తిన గంపలతో కొండ దిగి వచ్చే ఆడవాళ్లను రోడ్డు పక్కన నిలబడి చూస్తుండేవాణ్ని. అరవై దాటినవాళ్లూ ఉండేవారు. వాళ్లు ఎప్పుడూ నిటారుగా కిందికి దిగరు. వాలుకు అడ్డంగా అటు కాస్త, ఇటు కాస్త పాములా మెలికలు తిరుగుతూ వస్తారు. అడుగులు చిన్నవి. మోకాళ్లు ఎప్పుడూ కొంచెం వంగే ఉంటాయి, బిర్రుగా చాచరు. పరుగు అసలే ఉండదు. ఫిజియోథెరపీ పాఠాల్లో బొమ్మలు వేసి చెప్పేది కూడా ఇదే. మన కుర్రాళ్లు మాత్రం ఎక్కేటప్పుడు పోయిన టైమును దిగేటప్పుడు పరుగెత్తి రాబట్టాలని చూస్తారు. ఆ పరుగులో ఒక్కో అడుగుకూ మోకాలి చిప్ప మీద పడే ఒత్తిడి ఒంటి బరువుకు కొన్ని రెట్లుంటుంది.

ఊతకర్ర పట్టుకోవడం నామోషీ అనుకోకండి. రెండు చేతులకూ రెండు కర్రలుంటే దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం బాగా తగ్గుతుంది. కొనలేకపోతే భుజమెత్తు వెదురు కర్ర చాలు. గొర్రెల కాపరి చేతిలో కర్ర ఉండేది గొర్రెల కోసమే కాదు.

లిఫ్టులో ఎక్కి.. మెట్ల మీద దిగండి

కండరాలకు ఒక మంచి గుణముంది. ఇలా సాగుతూ పనిచేసే శ్రమను ఒక్కసారి కొద్దిగా రుచి చూపిస్తే చాలు, తర్వాతిసారికి అవి గట్టిపడి ఉంటాయి. ఆ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. వ్యాయామ శాస్త్రంలో ఇది బాగా నిర్ధారణ అయిన విషయం. మన జిమ్ముల్లో మాత్రం ఎవరూ చెప్పరు. వాళ్ల దృష్టంతా ట్రెడ్‌మిల్లును పైకి వాల్చడం మీదే!

కాబట్టి కొండకు వెళ్లడానికి మూడు వారాల ముందు నుంచి మెట్లు దిగడం సాధన చేయండి. ఎక్కడం కాదు, దిగడం. అపార్ట్‌మెంటులో ఉంటే లిఫ్టులో పైకెళ్లి మెట్ల మీద దిగండి. ఐదంతస్తులు, మొదటి రోజు రెండుసార్లు. తొడలు నొప్పెడతాయి. రెండు రోజులు ఆగి మళ్లీ. అలా వారానికి రెండు మూడు రోజులు, మూడో వారానికి ఎనిమిది పదిసార్ల దాకా తీసుకెళ్లండి. ఆఖరి మూడు నాలుగు రోజులు విశ్రాంతినివ్వండి. లిఫ్టు లేని ఊళ్లో ఉంటే దగ్గర్లోని ఏ గుట్ట మీది గుడికో వెళ్లి, నిదానంగా దిగి రండి. ఇప్పటికే మోకాళ్లు అరిగి నొప్పి ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ను అడిగాకే ఈ సాధన మొదలుపెట్టాలి.

దిగడం వల్ల కీడే కాదు, మేలూ ఉంది. ఆస్ట్రియాలో పరిశోధకులు కొందరిని రెండు నెలల పాటు కొండ నడిచి ఎక్కి కేబుల్ కారులో దిగమన్నారు. తర్వాత రెండు నెలలు కేబుల్ కారులో ఎక్కి నడిచి దిగమన్నారు. ఎక్కినప్పుడు రక్తంలోని ట్రైగ్లిజరైడ్ల కొవ్వు తగ్గింది. దిగినప్పుడు శరీరం గ్లూకోజును సర్దుబాటు చేసుకునే శక్తి మెరుగుపడింది. ఆయాసం పడలేని వయసువారికి కూడా దిగడం ఒక వ్యాయామమని దీన్నిబట్టి తెలుస్తుంది. మోతాదు తెలిస్తే చాలు.

తేటగా ఉన్న ఆకాశంతోనే జాగ్రత్త

వాన పడుతుంటే మనమే వెనక్కి తిరుగుతాం. మబ్బు పట్టినా, పొగమంచు కమ్మినా జాగ్రత్తపడతాం. ఏ అడ్డూ చెప్పనిది మంచి వాతావరణమే. నీలాకాశం, చల్లగాలి. గాలి శుభ్రంగా ఉండటం వల్ల ఐదు కిలోమీటర్ల దూరంలోని శిఖరం కూడా చేయి చాస్తే అందేటట్టు కనిపిస్తుంది. ‘ఇంకొక్కటేగా’ అనిపిస్తుంది. ఆ ఒక్కటీ ఎక్కాక దాని వెనక మరొకటి!

కొండ వీపు మీద రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, అక్కడ నీడ ఉండదు. చంద్రద్రోణంలో చెట్లన్నీ మడతల్లోనే గుంపులుగా ఉంటాయి, పైనంతా గడ్డే. రెండు, నీళ్లుండవు. వాన నీరు ఇటు సగం, అటు సగం జారిపోయే చోటే కొండ వీపు. ఊటలూ వాగులూ ఉంటే కిందే ఉంటాయి. కాబట్టి తాగే ప్రతి గుక్కా భుజాన మోసుకెళ్లాల్సిందే. మనిషికి మూడు లీటర్లు.

చల్లగాలి చేసే మోసం ఇంకొకటుంది. చెమట పట్టినది పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవదు. ‘నాకు చెమటే పట్టలేదు’ అనుకుంటాం. నిజానికి ఎండలో సంచి మోస్తూ ఎక్కేవారికి గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. అలాగే ఎత్తు ప్రతి 1,000 మీటర్లకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. చల్లగా ఉందని టోపీ తీసేసినవారికి సాయంత్రానికి ముక్కు, మెడ వెనక భాగం మండిపోతాయి. మన రంగు చర్మానికి ఎండ దెబ్బ తగలదన్నది అపోహ. అంచు వెడల్పుగా ఉన్న టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా, మెడకో తువ్వాలు.. ఇంతకంటే పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు.

దాహం సంగతి రాత్రి బస్సులోనే మొదలవుతుంది. దారిలో బాత్రూములు దొరకవని మన ఆడపిల్లలు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. నిద్ర లేదు, నీళ్లు లేవు, కడుపులో ఏమీ లేదు. ఆ స్థితిలో నేరుగా కొండెక్కేస్తే పది గంటలకల్లా కళ్లు తిరుగుతాయి. వీలైతే ముందు రోజు సాయంత్రానికే చేరి, రాత్రి నిద్రపోయి, పొద్దున నాలుగిడ్లీలు తిని బయల్దేరండి. ఆ ఒక్క రాత్రి నిద్ర మీరు కొనే ఖరీదైన బూట్లకంటే ఎక్కువ పనిచేస్తుంది.

అలాగని గంటకో లీటరు ఉత్త నీళ్లు బలవంతంగా పట్టించడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి వికారం, తలనొప్పి, అయోమయం మొదలవుతాయి. అది కూడా నీరసమేననుకుని ఇంకా నీళ్లు తాగిస్తే ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. దాహాన్ని బట్టి కొద్దికొద్దిగా తాగండి. మూడు లీటర్లలో ఒక లీటరులో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకోండి. పెద్ద ప్యాకెట్‌కు సరిగ్గా లీటరు నీళ్లు. చిక్కగా ఉంటే బలమని అరలీటరులో కలపొద్దు. ఓఆర్ఎస్‌ను తలపించే పేర్లతో దొరికే తీపి పానీయాలు వేరు, ఆసుపత్రుల్లో ఇచ్చే పొడి వేరు. తిండికి పులిహోరను మించింది లేదు. ఉప్పు, పిండి పదార్థం, పల్లీలు అన్నీ ఉన్నాయి, మధ్యాహ్నం దాకా పాడవదు. పెరుగన్నం మాత్రం ఎండలో సంచిలో పెట్టకండి. రెండు అరటిపండ్లు, నాలుగు పల్లీ చిక్కీలు జేబులో ఉంటే గంటకోసారి కొరకొచ్చు.

గుండె, బీపీ, షుగరు ఉంటే..

ఆల్ప్స్ పర్వతాల్లో నడుస్తూ కుప్పకూలినవారి వివరాలను ఆస్ట్రియా వైద్యులు ఏళ్ల తరబడి సేకరించారు. వారిలో చాలామంది నడివయసు దాటిన మగవాళ్లు. మామూలు రోజుల్లో పెద్దగా శ్రమ అలవాటు లేనివారు, గతంలో గుండెపోటు వచ్చినవారు. ముఖ్యంగా గమనించాల్సింది, ముప్పు తొలిరోజే ఎక్కువగా ఉండటం, చాలాసేపు ఏమీ తినకుండా తాగకుండా నడిచినవారిలో ఎక్కువగా ఉండటం. మన వారాంతపు ప్రయాణాల్లో ఉండేది తొలిరోజు ఒక్కటే కదా!

నలభై దాటి, ఏళ్లుగా వ్యాయామం లేనివారు, పొగతాగేవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు చరిత్ర ఉన్నవారు ముందుగా ఒకసారి చూపించుకోండి. ఈసీజీ బాగుందంటే అంతా బాగున్నట్టు కాదు. ఎక్కేటప్పుడు ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఏనాడైనా ఉందా అన్నది అంతకంటే ముఖ్యం. కొండ మీద పాటించాల్సిన కొలత చాలా తేలిక. ఎక్కుతూ పక్కవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతోందంటే వేగం తగ్గించాల్సిందే. చేతి గడియారం చూపే నాడి లెక్కను బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారు నమ్ముకోవద్దు. ఆ మందులు నాడిని పెరగనివ్వవు. ఛాతీలో బరువు వస్తే అక్కడే కూర్చోవాలి. ‘గ్యాస్ అయ్యుంటుంది, శిఖరం దాకా వెళ్దాం’ అనే మాట ఎవరన్నా సరే వినకండి.

బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తాయి. చెమటతోపాటు అదీ కలిస్తే లేచి నిల్చోగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. అలాగని సొంతంగా మానేయొద్దు. ఆ రోజుకు ఏం చేయాలో మీ డాక్టర్ను అడిగి వెళ్లండి.

షుగరు ఉన్నవారి విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి తీసుకుంటూ ఏడు గంటలు నడిస్తే గ్లూకోజు పడిపోవచ్చు. చాలామందికి తెలియనిదేమిటంటే, అది నడిచేటప్పుడే కాదు, ఆ రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. ఖాళీ అయిన కండరాలు రాత్రంతా రక్తంలోని గ్లూకోజును లాక్కుంటూనే ఉంటాయి. మోతాదు ఎంత తగ్గించాలో ముందే కనుక్కోండి. పడుకునేముందు ఒకసారి పరీక్షించుకుని, తక్కువగా ఉంటే ఏదైనా తిని పడుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవారు ఆకలితో, దాహంతో నడిస్తే రక్తంలో కీటోన్లు పెరిగే ముప్పుంది. వాటి గురించి కూడా అడగండి. పాదాల్లో తిమ్మిర్లున్నవారికి బొబ్బ లేచినా తెలియదు. మధ్యలో ఒక్కసారైనా బూట్లు విప్పి చూసుకోవాలి. దిగుడు మొదలయ్యేముందు బూటు తాళ్లు మడమ దగ్గర బిగించుకుంటే పాదం ముందుకు జారదు, గోళ్లు నల్లబడవు. ఇది షుగరు లేనివారికీ వర్తిస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. సగం దారిలో ఎక్కడ దిగిపోవచ్చో ముందే చూసుకోండి. ముళ్లయ్యనగిరి వైపు నుంచి బాబాబుడన్‌గిరికి వెళ్లే రోడ్డు ఈ కొండలకు దగ్గర్లోనే సాగుతుంది. డ్రైవరు నంబరు దగ్గరుంచుకుని, ‘మధ్యాహ్నం ఒంటి గంటకు సగం దాటకపోతే రోడ్డెక్కేద్దాం’ అని పొద్దున్నే అనుకోవాలి. అలసిపోయాక, నలుగురి మధ్య ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు. జట్టులో అందరికంటే నిదానంగా నడిచేవారిని ముందు నడవనివ్వండి. వెనక వదిలేస్తే వాళ్లు విశ్రాంతి తీసుకోకుండా పరుగెత్తుతూనే ఉంటారు. ముందున్నవాళ్లు వీళ్ల కోసం ఆగి, వీళ్లు రాగానే లేచి బయల్దేరతారు కదా మరి!

తిరిగొచ్చాక..

తొడలు పట్టేయడం, మెట్లు దిగలేకపోవడం మూడు రోజులుండి, ఐదారు రోజుల్లో తగ్గిపోతే కంగారక్కర్లేదు. కదలకుండా పడుకోవడం కంటే మెల్లగా నడవడమే మంచిది. గోరువెచ్చటి నీళ్ల స్నానం హాయినిస్తుంది. నొప్పి భరించలేకపోతే పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటివి మాత్రం ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు, ముఖ్యంగా బీపీ మాత్రలు వాడేవారు వేసుకోవద్దు. ఎందుకో చెబుతాను.

ఓ చలికాలం మా వార్డులో ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చేరాడు. ఏ జబ్బూ లేదు, సిగరెట్ లేదు, తిండి పద్ధతీ బాగానే ఉంది. శనివారం కొండ దిగాడు, చివరి గంట దాదాపు పరుగెత్తాడు. మధ్యాహ్నానికే నీళ్లయిపోయాయి. ఆదివారం నుంచి తొడల నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు పూటకొకటి వేసుకున్నాడు. మంగళవారానికి తొడలు గట్టిగా వాచాయి, మూత్రం కోలా రంగులోకి మారింది. ‘నీళ్లు తక్కువ తాగాడు కదా సార్, వేడి చేసిందనుకున్నాం’ అంది వాళ్లమ్మ. మజ్జిగ, కొబ్బరినీళ్లు ఇస్తూ ఇంకో రోజు చూశారు. బుధవారం రాత్రి తీసుకొచ్చారు.

జరిగిందేమిటంటే.. కండరాలు మామూలుగా చిట్లడం కాదు, పెద్దయెత్తున పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి వచ్చేసింది. దాన్ని వడకట్టలేక కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒంట్లో నీరు లేకపోవడం, నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తసరఫరాను తగ్గించడం రెండూ తోడయ్యాయి. ర్యాబ్డోమయోలిసిస్ అంటాం. సీపీకే అనే రక్తపరీక్షతో ఇట్టే తెలిసిపోతుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది కాబట్టి అదీ, క్రియాటినైన్ కూడా చూస్తాం. ఆ అబ్బాయికి ఆరు రోజులు సెలైన్లతో సరిపోయింది, డయాలిసిస్ దాకా వెళ్లలేదు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే వెళ్లేదేమో. ఇది తరచూ కనిపించేది కాదు. కానీ కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడేవారు, జ్వరం తగ్గీతగ్గగానే నడకకు వెళ్లేవారు, మద్యం తాగి కొండెక్కేవారు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

నొప్పి రోజురోజుకూ తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, తొడ రాయిలా బిగుసుకున్నా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, పన్నెండు గంటలుగా మూత్రమే సరిగా రాకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రయినా సరే. క్యాజువాలిటీలో ‘కాళ్ల నొప్పులు’ అని మాత్రమే చెబితే అక్కడి రద్దీలో మిమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టే అవకాశం ఉంది. ఫలానా రోజు కొండ దిగాను, మూత్రం రంగు మారింది, ఈ మాత్రలు ఇన్ని వేసుకున్నాను.. అని ఈ మూడూ చెప్పండి. ఆ మాత్రల స్ట్రిప్పు కూడా వెంట తీసుకెళ్లండి.